ఎక్కనక్కర్లేని కారు

తులసమ్మ కారు కొంటానంటే ఇంట్లో ఎవరూ కాదనలేదు. ఆ కారు తానే నడుపుతానన్నప్పుడు మాత్రం కొడుకు మనోజ్‌కుమార్‌కి తాగుతున్న చాయ్ పొలమారింది.

"నువ్వా?" అన్నాడు దగ్గు ఆగాక.

"నేను కాకపోతే మీ నాన్న లేచొచ్చి నడుపుతాడేటి?" అంది తులసమ్మ. కోడలు సుచిత్ర నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి ఆఖరుతో తులసమ్మకి ఉక్కు ప్లాంట్‌లో ఉద్యోగం పూర్తవుతుంది. భిలాయిలో రిటైర్మెంటంటే చిన్నపాటి పెళ్ళి. మధ్యాహ్నం షాపులో సభ పెడతారు. (ప్లాంట్‌లో ఒక్కో విభాగాన్నీ షాపంటారు, అక్కడ అమ్మేదీ కొనేదీ ఏమీ ఉండదు.) శాలువా కప్పుతారు, ఉద్యోగంలో ఉండగా ఎన్నడూ అనని మంచి మాటలన్నీ ఆ ఒక్కపూట అనేస్తారు. తర్వాత గేటు బయట బాజా వాళ్ళు, పూలు చుట్టిన బండి. రిటైరైన మనిషిని మెడ కనబడకుండా దండలేసి, ఆ బండి వెనక సీట్లో కూర్చోబెట్టి, తోటివాళ్ళంతా ఇంటిదాకా దిగబెడతారు. ఆ మనిషి చేయవలసిందల్లా రెండు చేతులూ జోడించి బొమ్మలా కూర్చోవడం.

ఆ వెనక సీటు తనకొద్దంది తులసమ్మ. "గేటు కాణ్ణించి నా కారు నేనే తోలుకోని ఇంటికెల్తాను, సూడండి" అని క్యాంటీన్లో అందరి ముందూ అనేసింది. అన్నది ఆవేశంలోనే కావచ్చు. కానీ పదిమంది చెవిన పడ్డ మాటను వెనక్కి తీసుకోవడం ఆవిడ ఒంట్లో లేదు. ఆ మర్నాటి నుంచి ఎదురుపడ్డ ప్రతివాడూ "కారెక్కడిదాకా వచ్చింది అమ్మా?" అని అడగడం మొదలుపెట్టాడు. కొందరు అభిమానంతో అడిగారు, కొందరు పళ్ళు బయటపెట్టడానికి అడిగారు. ఆవిడ మటుకు అందరికీ ఒకే జవాబు చెప్పింది: "వస్తన్నాది."

టెక్కలి దగ్గర పల్లెటూరి నుంచి పెళ్ళికూతురుగా ఈ ఊరొచ్చింది తులసమ్మ. భర్త ప్లాంట్‌లో పనిచేసేవాడు. మనోజ్ బడికెళ్ళే వయసులో ఒక ఉదయం ఆయనకి గుండెపోటు వచ్చింది, ఆస్పత్రి చేరేలోపే పోయాడు. ఆయన బదులు ఆవిడకి ఉద్యోగమిచ్చారు. మొదట చిన్నాచితకా పనులు చేసింది. తర్వాత క్రేన్ నడపడానికి మనుషులు కావాలంటే పేరిచ్చింది. "చీర కుచ్చిళ్ళు సర్దుకోడానికే ఒక షిఫ్టు పడుతుంది, క్రేనేం నడుపుతుంది?" అని నవ్వినవాళ్ళున్నారు. తులసమ్మ కుచ్చిళ్ళ సంగతి తేల్చేసింది. ప్యాంటూ చొక్కా వేసుకుని, నెత్తిన హెల్మెట్ పెట్టుకుని, నిచ్చెనెక్కింది. పాతికేళ్ళ పైచిలుకు రోజూ ఎక్కుతూనే ఉంది.

ఆ క్రేన్ షాపు కప్పుకింద, ఎత్తున వేసిన పట్టాల మీద నడుస్తుంది. దానికి గూడులా వేలాడే క్యాబిన్లో ఆవిడ కూర్చుంటుంది. కింద మోత ఎంతంటే పక్కవాడి చెవిలో అరిచినా వినపడదు, ఇక పైకేం వినిపిస్తుంది? అందుకే అక్కడ మాటలుండవు, చేతులే ఉంటాయి. కింద నిలబడ్డ సిగ్నల్‌మాన్ అరచెయ్యి చాపితే ఆపాలి, చూపుడువేలు కిందికి తిప్పితే నెమ్మదిగా దించాలి, పైకి తిప్పితే ఎత్తాలి. ఆవిడకి ఆ సిగ్నల్‌మాన్ గోపాలం. పలాసవాడు. ఆవిడకంటే నాలుగైదేళ్ళు చిన్న, "అప్పా" అని పిలుస్తాడు. అప్పంటే వాళ్ళవైపు అక్క. వాళ్ళిద్దరూ కలిసి మోసిన ఇనుము లెక్కేస్తే ఒక ఊరికి సరిపడా పట్టాలవుతాయి. ఒక్కనాడూ లోడు ఊగలేదు, ఒక్కడి కాలి గోరూ చితకలేదు. ఆ సంగతి తలుచుకుంటే తులసమ్మకి ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది, పొంగాల్సిందే.

ఊగనివి లోడ్లు, ఊడినవి మోకాళ్ళు. అసలు గొడవ అక్కడే వచ్చింది.

తులసమ్మకి కిందికి ఉండే సెడాన్ కావాలి, మనోజ్‌కి పెద్ద బండి కావాలి. అతను జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు, అక్కడ స్నేహితులందరివీ ఎత్తైన బండ్లే. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, నల్లరంగు పెద్ద బండికి నంబరు కూడా మనసులో ఎంచి పెట్టుకున్నాడు.

"అమ్మా, జరా సోచో, కాస్త ఆలోచించు. ఈ రోజుల్లో సెడాన్ ఎవరు కొంటున్నారు? పెద్ద బండైతే షాన్, దర్జా ఉంటుంది. పైన కూర్చుంటే రోడ్డంతా కింద కనిపిస్తుంది."

"కిందకి సూడ్డం నాకు కొత్తేటిరా? ఇన్నేళ్ళూ మనుషుల నడినెత్తులే సూసేను. ఇంక మొహాలు సూస్తాను."

"మన కాలనీ స్పీడ్‌బ్రేకర్లకి సెడాన్ పొట్ట గీసుకుంటుంది."

"నిమ్మళంగా ఎల్తే గీసుకోదు. నాకేటి తొందర, షిఫ్టుకెల్లాలా?" అని మోకాలు నిమురుకుంది. "ఎక్కే బండి నాకొద్దురా బాబూ. ఎక్కీ దిగీ అరిగిపోయేను. కూకునే బండి కావాలి నాకు."

అలా డిక్కీ వెనక్కి పొడుచుకొచ్చిన మధ్యరకం కార్ల వేట మొదలైంది. అంతకుముందే సుపేలాలో డ్రైవింగ్ స్కూల్లో చేరి, చిన్న కారు మీద నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుంది తులసమ్మ. నేర్పినవాడు పక్కన కూర్చుని చేతులు ఫోను మీంచి తీసేవాడు కాదు. అయినా ఆవిడ చక్కగా నడిపింది. "ఆంటీజీ, మీకు నేర్పేదేముంది" అని అతనే అన్నాడు. పొగడ్తో, ఫోను చూసుకోనివ్వమనో.

షోరూముల్లో తులసమ్మ కార్లను చూసే పద్ధతి వేరు. మైలేజీ, ఇంజను, తెర మీద పాటలు అంటూ వాళ్ళేదో చెబుతుంటే తలూపుతూ వినేది. తర్వాత తన పరీక్షలు తాను పెట్టేది. మొదటిది, సీటుకి వీపు తిప్పి కూర్చుని, అప్పుడు రెండు కాళ్ళూ లోపలికి తెచ్చుకోవాలి. మోకాలు పైకి లేవకూడదు. దిగేటప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోకూడదు. రెండోది గుండిగ. ఏటా కార్తీకమాసంలో తెలుగువాళ్ళ వనభోజనాలకి పులిహోర చేసేది తులసమ్మే. ఆ ఇత్తడి గుండిగని మోసుకెళ్ళడానికి ఏటా ఎవరి బండినో బతిమాలడం ఆవిడకి తలవంపుగా ఉండేది. అందుకని ఖాళీ గుండిగని మూతతో సహా ఆటోలో వేసుకుని ప్రతి షోరూముకీ తెచ్చి, డిక్కీలో పెట్టి చూసేది. షోరూము వాళ్ళు మొదట నవ్వారు, తర్వాత ఒక పట్టు పట్టి ఎత్తిపెట్టారు. మూడోది నడిపి చూడడం. ఆపినప్పుడు బండి ఊగకూడదు, గుండిగ మోగకూడదు.

ఈ మూడో పరీక్షకి పక్కన ఎవరు కూర్చోవాలన్నది ఆలోచించాల్సిన పనే లేకపోయింది. "ముందు సీట్లో మా గోపాలం ఉండాలి. ఆడి కన్ను నా కన్ను" అంది. గోపాలం కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. వెనక సుచిత్ర, ఆమె పక్కన షోరూము మనిషి.

మొదటిది సుపేలాలో తెల్ల కారు. గుండిగ హాయిగా పట్టింది. సీటు మెత్తగా, పరుపులా ఉంది, కూర్చుంటే లోపలికి దిగిపోయింది. దిగేటప్పుడు సుచిత్ర చెయ్యి అందుకోవలసి వచ్చింది. సరే, నడిపి చూద్దామని బజారులోకి తీసింది. గోపాలం నోటితో ఒక మాటంటే చేతులతో నాలుగంటాడు. "అప్పా, ఆ మిఠాయి కొట్టు సూసేవా, కొత్తగా ఎట్టినారు" అని అరచెయ్యి చాపాడు. కారు ఒక్క కుదుపుతో నడిరోడ్డు మీద నిలబడిపోయింది. డిక్కీలో గుండిగ ఠంగుమంది. వెనకనున్న ఆటోవాడు తిట్టిన తిట్లు బజారు మోతలో సగమే వినిపించాయి కాబట్టి సరిపోయింది, పూర్తిగా వినబడితే దిగి సమాధానం చెప్పేది.

"దీని బ్రేకు మొండిది" అని తేల్చింది తులసమ్మ.

రెండోది దుర్గ్ దారిలో ఎర్ర కారు. దానికి ఆవిడ మాస్టారని పేరు పెట్టింది. బెల్టు పెట్టుకోకపోతే కూత, తలుపు సరిగా పడకపోతే కూత, వెనక్కి తీస్తే కూత. డిక్కీ లోపల చూస్తే విశాలంగానే ఉంది కానీ పై అంచు ఇరుకు, గుండిగ దూరలేదు. "కడుపు పెద్దదే, నోరే సిన్నది" అంది. ఆ గుండిగని సుచిత్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గోపాలం దారిపొడవునా పలాసలో జీడిపప్పు ధర ఎలా పడిపోయిందో చెబుతూ వేలు కిందికి తిప్పుతూనే ఉన్నాడు. కారు నత్తలా నడిచింది. "ఇందులో జీవం లేదు" అంది తులసమ్మ దిగుతూ.

మూడోది నీలం కారు. ఆ రోజు మనోజ్‌కి సెలవు, తానూ వస్తానన్నాడు. షోరూములో రాజశ్రీ అనే అమ్మాయి దగ్గరుండి చూపించింది. తులసమ్మ వీపు తిప్పి కూర్చుంది, కాళ్ళు లోపలికి తెచ్చుకుంది, మళ్ళీ దిగింది, మళ్ళీ కూర్చుంది. ఎవరి చెయ్యీ అక్కర్లేకపోయింది. గుండిగ డిక్కీలో దానికోసమే చేసినంత కుదురుగా కూర్చుంది. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఈ కారే, ఇంకోటి చూడక్కర్లేదని ఆ క్షణంలోనే అనుకుంది.

వెనక మనోజ్, సుచిత్ర, రాజశ్రీ సర్దుకుని కూర్చున్నారు. రోడ్డెక్కాక అంతా తలకిందులైంది. గోపాలానికి కూడా ఈ కారు మహా నచ్చింది, సంబరం పట్టలేక చేతులు గాల్లోనే పెట్టుకున్నాడు. కారు ఆగింది, కదిలింది, పాకింది, మళ్ళీ ఆగింది. గుండిగ గుడి గంటలా మోగింది. ఒకచోట మనోజ్ నుదురు ముందు సీటుకి కొట్టుకుంది. రాజశ్రీ మర్యాదస్తురాలు, "పరవాలేదు ఆంటీజీ, బండి కొత్త కదా" అంది, కానీ పైనున్న పిడిని గట్టిగా పట్టుకునే అంది.

"దీని బ్రేకు కూడా అలగే ఉన్నాది" అంది తులసమ్మ దిగి, గొంతులో బలం లేకుండా.

మనోజ్ నుదురు రుద్దుకుంటూ, "నాచ్ న జానే, ఆంగన్ టేఢా" అన్నాడు. ఇక్కడ పుట్టి పెరిగినవాడు, సామెత హిందీలోనే వచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని దాని అర్థం. తల్లికి అర్థం కాకపోవడమేం, ఈ ఊళ్ళో నలభై ఏళ్ళనుంచి ఉంటోంది. మాట తిన్నగా వెళ్ళి తగిలింది.

స్మృతి నగర్‌లో ఇల్లు చేరాక మనోజ్ మెత్తబడ్డాడు, కానీ తీర్పు మార్చలేదు. "కారు కొందాం అమ్మా, నీకు నచ్చిందే కొందాం. నేను నడుపుతాను. రిటైర్మెంటు రోజు గేటు దగ్గరికి మా స్నేహితుడు విన్సెంట్ తన పెద్ద బండి తెస్తానన్నాడు. దండలేసుకుని వెనకాల ఆరాంగా కూర్చో. ఆ భీడ్‌లో, అంత జనంలో ఎవరినైనా గుద్దితే లోగ్ క్యా కహేంగే, నలుగురూ ఏమంటారు?"

తులసమ్మ గుండిగని అటక మీద పెట్టించి మంచం మీద కూర్చుంది. క్యాంటీన్లో పళ్ళు బయటపెట్టినవాళ్ళ మొహాలన్నీ వరసగా గుర్తొచ్చాయి. అంతకంటే పెద్ద బాధ ఇంకోటుంది. గాల్లో టన్నుల లోడుని ఊగకుండా దించిన చేతులకి నేలమీద బండి లొంగలేదంటే, ముసలిదాన్నైపోయానేమో అనుకుంది. ఆ మాట పైకి అనడానికి కూడా భయమేసింది.

ఆదివారం పొద్దున్న గోపాలం పరామర్శకి వచ్చాడు. సుచిత్ర నేలమీద పేపరు పరిచి బఠాణీలు ఒలుస్తోంది. సుపేలా బజారులో రోజూ స్కూటీ మీద తిరిగే పిల్ల, రోడ్డు సంగతి ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ తెలిసినది ఆమెకే. అత్తగారు నడిపినప్పుడల్లా వెనక కూర్చుని ఏదో తేడా ఉందనుకుంది, అదేమిటో అందలేదు.

తులసమ్మ చాయ్ వడపోస్తోంది. గోపాలం మేనకోడలి పెళ్ళి కథ మొదలుపెట్టాడు. "భోజనాల కాడ కొట్లాటప్పా. ఇరువైపులోళ్ళూ లేచిపోనారు. నేను మధ్యన నిలబడి ఆగండెహే అన్నాను" అంటూ అరచెయ్యి ముందుకు చాపాడు.

గిన్నెలోంచి పడుతున్న చాయ్ ధార ఆగిపోయింది.

"ఆగినారు. అప్పుడు ఒక్కొక్కడినీ ఇలగ కూకోబెట్టినాను" అని వేలు కిందికి తిప్పాడు. చాయ్ సన్నని ధారగా మళ్ళీ పడింది. చెయ్యి ఎత్తాడు, ఆగింది. వేలు తిప్పాడు, పడింది. తులసమ్మ కళ్ళు కథ మీదే ఉన్నాయి, గోపాలం కళ్ళు తన కథ మీదే ఉన్నాయి. ఇద్దరిలో ఎవరికీ ఏమీ తెలియదు.

సుచిత్ర బఠాణీలు వదిలేసి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళమ్మట నీళ్ళొచ్చాక అంది. "అత్తమ్మా! చాయ్ ఎందుకు ఆపారు?"

"ఎక్కడాపేను?"

"గోపాలం కాకా చెయ్యి చాపాడు, మీరు ఆపేశారు. వేలు తిప్పాడు, పోశారు. కార్లో కూడా ఇదే! కాకా ఎప్పుడు చెయ్యి ఎత్తితే అప్పుడు బ్రేకు. మూడు కార్లలోనూ ఇదే!"

తులసమ్మ గిన్నె కిందపెట్టింది. గోపాలం తన రెండు చేతులూ ఎవరివో అన్నట్టు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"అంటే బ్రేకు నా సేతిలో ఉన్నాదేటి?"

"నాకు కనిపించనేలేదురా నీ సెయ్యి" అంది తులసమ్మ. అంది కానీ, అప్పుడే అర్థమైంది. చూడకుండానే చూసింది. షాపులో చెవులు పనికిరాని చోట ఇన్నేళ్ళూ ఆ చేతుల్నే వింది. ఆ చెయ్యి లేస్తే ముందు తన చేతులు ఆగాలి, ఆలోచన తర్వాత. అలా ఆగబట్టే కింద పనిచేసేవాళ్ళు సాయంత్రం ఇళ్ళకి నడిచి వెళ్ళారు. అలవాటు మంచిదే, చోటు తప్పింది. చిన్న కారు నేర్పినవాడు చేతులు ఫోను మీద పెట్టుకున్నాడు కాబట్టి అక్కడ ఇబ్బంది రాలేదు.

మొదట సిగ్గేసింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత ఎక్కడలేని సంతోషం పొంగుకొచ్చింది. "అయితే బండ్లూ మంచివే, నేనూ మంచిదాన్నే!" అని గట్టిగా అరిచింది. పక్కింటివాళ్ళు కిటికీలోంచి చూశారు. ఈలోగా గోపాలం మొహం చిన్నబుచ్చుకున్నాడని గమనించి, అతని చాయ్‌లో ఇంకో చెంచా పంచదార వేసింది. "నీ సేతుల్లో తప్పేటీ లేదురా. నువ్వు ఎనకాల కూకో, అంతే."

న్యాయం న్యాయమే కాబట్టి మూడు షోరూములకీ మళ్ళీ వెళ్ళింది. లేని తప్పు మోపినందుకు ఆ బండ్లకి మళ్ళీ ఒక అవకాశం ఇవ్వాలని ఆవిడ పట్టుదల. ఈసారి ముందు సీట్లో సుచిత్ర, వెనక గోపాలం. అతను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు. చేతుల్లేకపోయేసరికి మాట కూడా పడిపోయింది పాపం, దారిపొడవునా ఊ, ఆ అనడమే.

తెల్ల కారు బ్రేకు వెన్నలా ఉంది, సీటు మాత్రం లోతే. మాస్టారికి జీవం ఉంది, నోరు మాత్రం చిన్నదే. ఇక నీలం కారు. రాజశ్రీ ఆవిడని చూడగానే బలవంతాన నవ్వి, వెనక సీట్లో ముందుగానే పిడి పట్టుకుంది. తులసమ్మ సాయంత్రం వేళ, సుపేలా బజారు కిటకిటలాడే సమయం చూసి మరీ అటే తిప్పింది. ఎదురుగా ఆటో అడ్డం వచ్చింది, వేగం తగ్గించింది. కూరగాయల బండి పక్కనుంచి జానెడు సందులో పోనిచ్చింది. రోడ్డు మధ్య ఆవు నిలబడితే ఆగింది, అది కదిలాక కదిలింది. బస్సు వెనకా, బస్సు ముందూ, నడిచే జనం మధ్యనుంచీ ఆ నీలం కారు నీళ్ళలో పడవలా సాగింది. డిక్కీలో గుండిగ కిమ్మనలేదు. రాజశ్రీ ఎప్పుడు పిడి వదిలేసిందో ఆమెకే తెలియదు.

షోరూము ముందు ఆపి, తులసమ్మ స్టీరింగు మీద అరచెయ్యి పెట్టి రెండు దెబ్బలు తట్టింది. గొడ్డు మంచిదని తేల్చుకున్న రైతు దాని వీపు అలాగే తడతాడు. "ఇదే నాది" అంది. దిగేటప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

మనోజ్ ఈ విజయం చూడలేదు. ఆ వారమంతా అతనికి రాత్రి షిఫ్టులు. సుచిత్ర ఎంత వర్ణించి చెప్పినా, "అచ్ఛా, అచ్ఛా" అన్నాడే గానీ నమ్మలేదు. అతని నుదుటి మీద కమిలిన మచ్చ ఇంకా పోలేదు మరి. విన్సెంట్ బండి మాత్రం వద్దన్నాడు. "నీ కారే తెస్తాను. కానీ గేటు దగ్గర నుంచి నేను నడుపుతాను. ఆ ఒక్కరోజుకి నా మాట విను."

"సూద్దాం" అంది తులసమ్మ. ఆవిడ సూద్దామంటే అర్థమేమిటో ఆ ఇంట్లో కుక్కపిల్లకి కూడా తెలుసు, కొడుక్కి మాత్రం తెలియలేదు.

ఆఖరి రోజు రానే వచ్చింది. పొద్దున్నే ఆవిడ డ్యూటీకి వెళ్ళిపోయింది, ఆ రోజు కూడా క్రేనెక్కి దిగింది. మనోజ్ రాత్రి షిఫ్టు దిగి, నిద్ర లేకుండానే సుచిత్రతో షోరూముకి వెళ్ళి కారు తీసుకున్నాడు. గుళ్ళో పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, సుచిత్రని ఇంటి దగ్గర హారతి ఏర్పాట్లకి దింపి, మధ్యాహ్నం గేటు ముందు కారు నిలిపాడు. బంతిపూలు చుట్టిన నీలం కారు ఎండలో మెరిసిపోతోంది.

బాజాలు మోగాయి. తులసమ్మ గేటులోంచి బయటికి వచ్చింది. సభ కోసం పట్టుచీర కట్టుకుంది, దండల్లో గడ్డం మునిగిపోయింది. చుట్టూ షాపులోని జనమంతా, వాళ్ళ వెనక అతి పెద్ద దండ మోసుకుంటూ గోపాలం. మనోజ్ గబగబా వచ్చి వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు.

ఆ తెరిచిన తలుపు చూసి తులసమ్మ ఒక్క క్షణం నిలబడిపోయింది. పెళ్ళికూతురుగా స్టేషన్ నుంచి రిక్షాలో వెనకే కూర్చుంది, ఎక్కడికో తెలియదు. భర్తని తీసుకెళ్ళిన ఆస్పత్రి బండిలో వెనకే కూర్చుంది, తిరిగొచ్చేటప్పుడు ఎవరి బండిలో వచ్చిందో కూడా గుర్తులేదు. ఎప్పుడూ ఎవరో తీసుకెళ్తే వెళ్ళింది, తీసుకొస్తే వచ్చింది.

"కూర్చో అమ్మా, అందరూ చూస్తున్నారు" అన్నాడు మనోజ్.

"సూడాలనే కదరా ఇంతమందికీ సెప్పేను. తాళం ఇలగియ్యి."

"అమ్మా, ప్లీజ్..."

"నువ్వు ఎక్కు ఎనకాల."

మనోజ్ చుట్టూ చూశాడు. బాజావాళ్ళు కూడా వాయించడం ఆపి చూస్తున్నారు. ఇంతమందిలో తల్లితో పేచీ పెట్టుకోలేక, తాళం ఆవిడ చేతిలో పెట్టి, మొహం ముడుచుకుని తాను తెరిచిన తలుపులోకి తానే ఎక్కాడు. గోపాలం అవతలి వైపునుంచి ఎక్కాడు. తులసమ్మ మెడలోని దండలన్నీ తీసి పక్క సీట్లో కుప్పపోసింది. వీపు తిప్పి కూర్చుంది, కాళ్ళు లోపలికి తెచ్చుకుంది, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. అందుకు షిఫ్టేమీ పట్టలేదు. కారు స్టార్టయింది. జనంలోంచి లేచిన కేక బాజాల మోతని మింగేసింది. "తులసమ్మ జిందాబాద్" అని ఎవరో అరిచారు, క్యాంటీన్లో అందరికంటే ఎక్కువ పళ్ళు బయటపెట్టినవాడే అరిచాడు. ఆవిడ అద్దంలోంచి వాణ్ణి చూసింది, హారను ఒక్కసారి మోగించి ముందుకు సాగింది. ఆవిడకి అంత ఆనందం కొడుకు పుట్టినప్పుడు కలిగింది, మళ్ళీ ఇప్పుడు కలిగింది.

జనమూ బాజాలూ వెనకబడ్డాయి. మనోజ్ ముందు సీటు వీపుని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. చెట్ల మధ్య పెద్ద రోడ్డు మీద, "మెల్లగా అమ్మా, మెల్లగా" అంటూనే ఉన్నాడు. రైలు పట్టాల కిందుగా పోయే దారిలో దిగేటప్పుడు "బ్రేక్, బ్రేక్" అన్నాడు. తులసమ్మ అన్నిటికీ "ఊ" అంది. తన లెక్కన తాను నడిపింది. సుపేలా కూడలి దగ్గర లారీ ఒకటి అడ్డంగా తిరుగుతుంటే ఆగి, అది పోయాక కదిలింది. దండల్లో పూలు కూడా చెదరలేదు. వెనకనుంచి ఎవరూ ఏమీ అనలేదు.

ఏమీ అనకపోవడం వింతగా తోచి అద్దంలోకి చూసింది. మనోజ్ చేతులు సీటు మీంచి జారిపోయి ఉన్నాయి. రాత్రంతా సిమెంటు దుమ్ములో నిలబడ్డ మనిషి, తల గోపాలం భుజం మీద వాల్చి, నోరు తెరుచుకుని, గాఢంగా నిద్రపోతున్నాడు. చిన్నప్పుడు బొబ్బట్లు తిని అలాగే పడుకునేవాడు. తులసమ్మకి కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ నమ్మనన్నవాడు, నుదురు పగిలిందన్నవాడు, ఆవిడ నడుపుతున్న బండిలో ఒళ్ళు మరిచి పడుకున్నాడు. దారి సరిగ్గా కనబడేందుకు కళ్ళు తుడుచుకుంది.

స్మృతి నగర్‌లో మలుపు తిరిగేసరికి ఇంటి ముందు ముగ్గులు, జనం, మధ్యలో హారతి పళ్ళెంతో సుచిత్ర. కారు కనబడగానే అంతా ముందుకొచ్చారు, సుచిత్ర కర్పూరం వెలిగించింది. కారు వేగం తగ్గింది. స్పీడ్‌బ్రేకర్ మీద పొట్ట గీసుకోకుండా, ఉయ్యాలంత మెత్తగా దాటింది. సుచిత్రకి కళ్ళతో వెనక సీటు చూపించి తులసమ్మ చిన్నగా నవ్వింది, ఆపకుండా ముందుకి పోనిచ్చింది. అందరూ నోళ్ళు తెరిచి చూస్తుండగానే కారు ఇంటిని దాటిపోయింది.

"అప్పా, ఇల్లు దాటిపోనాది!" అన్నాడు గోపాలం గుసగుసగా, భుజం కదపకుండా.

"తెలుసురా. గుంటడు పడుకున్నాడు. ఇంకో సుట్టు తిప్పుకొస్తాను" అని తులసమ్మ కారుని పక్క వీధిలోకి మళ్ళించింది.